తగ్గిందంటున్నారు, కొలిచిందెవరు?

"మెదడులో సెరటోనిన్ కాస్త తగ్గిందమ్మా, అంతే. షుగర్ ఉన్నవాళ్లు రోజూ మందు వేసుకోవట్లేదూ? ఇదీ అలాంటిదే." డిప్రెషన్‌తో డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చిన వాళ్లలో చాలామంది ఈ మాట ఏదో ఒక రూపంలో వినే ఉంటారు. ఆ మాట చెడ్డదని నేననను. పొద్దున మంచం దిగలేని కోడలిని బద్ధకస్తురాలని, పుస్తకం ముందు కూర్చుని ఏడ్చే కొడుకుని చేతగానివాడని అనే ఇళ్లలో అది కొన్ని నోళ్లయినా మూయించింది. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి పేరును తిట్టుగా వాడుకునే చోట "నాకు పిచ్చి కాదు, హార్మోన్ తగ్గింది" అని చెప్పుకోగలగడం చిన్న ఊరటేమీ కాదు.

అయితే ఒకటి గమనించండి. థైరాయిడ్ తేడాగా ఉందని చెప్పే డాక్టర్ టీఎస్‌హెచ్ ఎంత వచ్చిందో రిపోర్టులో చూపిస్తారు. షుగర్‌కు హెచ్‌బీఏ1సీ ఉంది. సెరటోనిన్ తగ్గిందని చెప్పేవాళ్లు మాత్రం దేన్నీ కొలవరు. కొలిచే వీలూ లేదు. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే ఉంటుంది. రక్తపరీక్షలో కనబడేది ఎక్కువగా అక్కడినుంచి వచ్చినదే, అది మెదడులోకి దాటదు. డిప్రెషన్ రోగి మెదడులో సెరటోనిన్ ఇంత ఉందని రాసిచ్చే పరీక్ష ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనూ దొరకదు. మరి తగ్గిందని అంత ధీమాగా ఎలా చెబుతున్నారు? ఆ ధీమాకు ఆధారమే లేదనేవాళ్లు ఒకవైపు, ఆధారం ఉంది గానీ మీరనుకున్న రూపంలో లేదనేవాళ్లు మరోవైపు. 2022 నుంచి ఈ వాదన బాగా ముదిరింది.

పత్రికల ఆరోగ్యం పేజీల్లో సెరటోనిన్, డోపమైన్, ఎండార్ఫిన్, ఆక్సిటోసిన్‌లను ఒకే గాటన కట్టి హ్యాపీ హార్మోన్లు అని రాస్తుంటారు. నిజానికి హార్మోన్ అనేది గ్రంథి నుంచి రక్తంలో కలిసి దూరానున్న అవయవానికి కబురు మోసేది. థైరాయిడ్, కార్టిసాల్, ఈస్ట్రోజన్ ఈ కోవలోవి. మెదడులో సెరటోనిన్ చేసే పని వేరు. ఒక నాడీకణం నుంచి పక్క నాడీకణానికి, మధ్యనున్న సన్నని సందు దాటించి, కబురు అందించడం. పేరు ఏది పెట్టినా పెద్ద నష్టం లేదు గానీ ఈ రెండు రకాలకూ ఉన్న సాక్ష్యం మాత్రం ఒక్కలాంటిది కాదు. జనంలో బాగా పాకిన సెరటోనిన్ కథకు సాక్ష్యం పలచన. ఎవరూ అంతగా చెప్పుకోని బాలింతల హార్మోన్ల విషయంలో సాక్ష్యం చాలా గట్టిది.

సెరటోనిన్ కథ నడిచొచ్చిన దారిలో మన మొక్క ఒకటుంది. సర్పగంధ. దాని వేరు మతిభ్రమణానికీ రక్తపోటుకీ పనిచేస్తుందని 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీలు ఒక వైద్య పత్రికలో రాశారు. 1949లో బొంబాయి గుండె వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాశాకగానీ విదేశాల దృష్టి దాని మీద పడలేదు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ అందులోంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని విడదీసింది. మూడేళ్లకు అమెరికాలో బెర్నార్డ్ బ్రాడీ ప్రయోగశాల ఆ మందు ఇచ్చిన జంతువుల మెదడులో సెరటోనిన్ అడుగంటిపోతోందని చూపింది. బీపీకి రెసర్పిన్ వాడుతున్న వాళ్లలో కొందరు దిగులుతో కుంగిపోతున్నారన్న మాట డాక్టర్ల మధ్య అప్పుడే తిరుగుతోంది.

ఇదే కాలంలో న్యూయార్క్‌లోని స్టాటెన్ ఐలండ్‌లో సీ వ్యూ అనే క్షయ ఆస్పత్రి రోగులకు 1952లో ఇప్రోనయాజిడ్ ఇస్తే నీరసంగా పడి ఉండేవాళ్లు లేచి తిరగడం, నవ్వడం, ఆకలి అనడం మొదలుపెట్టారు. ఆ మందు మెదడులో సెరటోనిన్, నార్‌అడ్రినలిన్ లాంటి రసాయనాలు విరిగిపోకుండా ఆపుతుందని తేలింది. ఒక మందు ఆ రసాయనాల్ని తగ్గిస్తే దిగులొచ్చింది, ఇంకోటి వాటిని నిలిపితే హుషారొచ్చింది. ఇంతకంటే ఏం కావాలి? 1965లో అమెరికాలో జోసెఫ్ షిల్డ్‌క్రాట్ నార్‌అడ్రినలిన్ తగ్గడమే డిప్రెషన్‌కు మూలం కావచ్చునన్నాడు. 1967లో ఇంగ్లండ్‌లో అలెక్ కోపెన్ ఆ చోటు సెరటోనిన్‌కు ఇచ్చాడు.

ఈ లెక్కలో మొదటినుంచీ ఒక చిల్లు ఉంది. బ్రాడీ ఫలితం వచ్చిన 1955లోనే లండన్‌లో డేవిస్, షెపర్డ్ అనే వైద్యులు ఆందోళన, దిగులు ఉన్న రోగులకే రెసర్పిన్ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న వాళ్లకంటే వీళ్లకే నయమనిపించింది. ఆ వ్యాసం లాన్సెట్‌లో అచ్చయింది, అయినా ఎవరి చెవికీ ఎక్కలేదు. షిల్డ్‌క్రాట్ కూడా తన ఊహ చాలా క్లిష్టమైన విషయాన్ని మరీ కుదించి చెబుతోందని తన వ్యాసంలోనే ఒప్పుకున్నాడు. 1987 డిసెంబరులో అమెరికాలో ప్రోజాక్‌కు అనుమతి వచ్చాక, మందుల కంపెనీల ప్రకటనలు ఆ హెచ్చరికను పక్కకు తోసేసి ఊహను మాత్రం ఇంటింటికీ చేర్చాయి. శాస్త్రవేత్త "కావచ్చు" అన్నది టీవీ ప్రకటనకు వచ్చేసరికి "అయింది"గా మారిపోయింది.

2022 జులైలో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన జొయానా మోంక్రీఫ్ బృందం మాలిక్యులర్ సైకియాట్రీ పత్రికలో అప్పటిదాకా జరిగిన సమీక్షలన్నిటినీ కలిపి మళ్లీ తూచింది. రక్తంలో, వెన్నుద్రవంలో, స్కానింగుల్లో, జన్యువుల్లో ఎక్కడ చూసినా డిప్రెషన్ ఉన్నవాళ్లకు సెరటోనిన్ తక్కువని నిలకడగా చెప్పే సాక్ష్యం దొరకలేదని తేల్చింది. ప్రపంచమంతా పత్రికల్లో పతాక శీర్షికలు. "ఇన్నాళ్లూ మమ్మల్ని మోసం చేశారా?" అని మందులు వాడేవాళ్లు అడగడం మొదలుపెట్టారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అంతకు పదకొండేళ్ల ముందే అమెరికా మానసిక వైద్యుడు రొనాల్డ్ పైస్, ఈ రసాయనాల అసమతౌల్యం కథను చదువుకున్న సైకియాట్రిస్టులెవరూ నమ్మనేలేదని రాశాడు. నమ్మనివాళ్లు అన్నేళ్లు రోగులకు ఎందుకు చెప్పనిచ్చారన్నదానికి ఆయన రాతలో నాకు తృప్తికరమైన జవాబు దొరకలేదు.

రెండో పక్షం మాటా వినాలి. 2023లో అదే పత్రికలో ముప్పైమందికి పైగా పరిశోధకులు కలిసి మోంక్రీఫ్ పద్ధతిని తప్పుపట్టారు. కొన్ని అధ్యయనాల్ని సరిగా చదవలేదని, కొన్నిటికి తగిన విలువ ఇవ్వలేదని వాళ్ల ఫిర్యాదు. వాళ్ల చేతిలో ఉన్న మంచి సాక్ష్యాల్లో 1990 నాటి యేల్ ప్రయోగం ఒకటి. సెరటోనిన్ తయారీకి ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకు కావాలి, అది తిండిలోంచే రావాలి. మందులతో కోలుకున్న 21 మందికి ట్రిప్టోఫాన్ లేని ద్రవం తాగిస్తే 14 మందికి కొన్ని గంటల్లోనే డిప్రెషన్ లక్షణాలు తిరిగొచ్చాయి, మామూలు తిండి పడ్డాక తగ్గిపోయాయి. సెరటోనిన్‌కు మనసుతో ఏ సంబంధమూ లేదనేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి. కానీ ఎప్పుడూ డిప్రెషన్ రాని మనుషులకు అదే ద్రవం తాగిస్తే చాలామందికి ఏమీ కాదు. ఆ విషయానికి జవాబు చెప్పాల్సింది రెండో పక్షం. తగ్గడమే కారణమైతే అందరూ కుంగిపోవాలి కదా?

2022 చివర్లో ఇంపీరియల్ కాలేజీ వాళ్లు మెదడు స్కానుతో ఇంకాస్త దగ్గరికి వెళ్లారు. సెరటోనిన్ నిల్వను కాక, యాంఫెటమైన్ ఇచ్చి ప్రేరేపించినప్పుడు ఎంత సెరటోనిన్ విడుదలవుతుందో చూశారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో ఆ విడుదల తక్కువగా కనిపించింది. అయితే రోగులు 17 మంది, పోల్చిచూసినవాళ్లు 20 మంది. ఒక పెళ్లి భోజనాల బంతిలో కూర్చునేంత మందిని చూసి జాతి మొత్తానికి తీర్పు చెప్పలేం. ఆసక్తికరమైన ఆరంభం, అంతవరకే.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగం అవుతున్నాయి. సెరటోనిన్ తగ్గి డిప్రెషన్ వస్తుందా అన్నది ఒకటి, మందు పనిచేస్తుందా అన్నది ఇంకోటి. మొదటిదానికి కాదని జవాబొచ్చినా రెండోది కూలిపోదు. 2018లో లాన్సెట్‌లో వచ్చిన చిప్రియానీ బృందం విశ్లేషణలో 522 ట్రయల్స్‌ను, 1,16,477 మందిని కలిపి చూస్తే, పరీక్షించిన 21 మందులూ ప్లాసిబో (ఉత్తుత్తి మాత్ర) కంటే మెరుగే. ఎంత మెరుగు? అదే గొడవ. 2008లో అర్వింగ్ కిర్ష్ లెక్కలో 52 పాయింట్ల హామిల్టన్ కొలమానం మీద సగటు తేడా 2 పాయింట్లు కూడా లేదు. సగటులో బాగా కోలుకున్నవాళ్లూ, ఏమాత్రం మారనివాళ్లూ కలిసిపోతారని మందుల పక్షం అంటుంది. అదీ నిజమే. ఈ మాత్రలు నాడీకణాల మధ్య సెరటోనిన్ నిలిచి ఉండేలా చేయడం కొన్ని గంటల్లోనే మొదలవుతుంది, మనసు తేలికపడడానికి మాత్రం రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. లోటు భర్తీ కావడమే వైద్యమైతే ఇన్ని వారాలు ఎందుకు? మధ్యలో మెదడు ఇంకేదో సర్దుకుంటోంది. ఆ సర్దుబాటును ఇప్పుడిప్పుడే చదువుతున్నారు.

అసలైన హార్మోన్ల దగ్గరికి వస్తే లోకం ఇంకా తేటగా కనిపిస్తుంది.

గర్భంతో ఉన్నప్పుడు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ ఎన్నో రెట్లు పెరుగుతాయి, కాన్పైన కొద్ది రోజుల్లోనే పడిపోతాయి. పచ్చిబాలింత కారణం లేకుండా కళ్లనీళ్లు పెట్టుకోవడం ప్రతి ఇంటి పెద్దవాళ్లకూ తెలుసు. చాలామందికి రెండు వారాల్లోపే అది సర్దుకుంటుంది. కొందరికి అది డిప్రెషన్‌గా ముదురుతుంది. ఎందుకు కొందరికే? అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో బ్లాక్ అనే పరిశోధకుడి బృందం 2000లో ఒక ప్రయోగం ఫలితాన్ని ప్రకటించింది. నా మట్టుకు నాకు ఈ రంగం మొత్తంలో ఇంత పదునైన ప్రయోగం ఇంకోటి కనబడలేదు. గతంలో కాన్పు తర్వాత డిప్రెషన్ వచ్చి, ఇప్పుడు పూర్తిగా కోలుకున్న ఎనిమిది మంది స్త్రీలను, అలాంటిదేమీ ఎరగని తల్లులు ఎనిమిది మందిని తీసుకున్నారు. వాళ్లెవరూ గర్భవతులు కారు. ముందు ఒక మందుతో వాళ్ల సొంత హార్మోన్లను ఆపేశారు. తర్వాత గర్భాన్ని తలపించేలా ఎనిమిది వారాలు ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ ఎక్కువ మోతాదులో ఇచ్చి, ఎప్పుడు ఆపుతున్నారో వాళ్లకు తెలియకుండా ఆపేశారు. బిడ్డ లేదు, రాత్రి జాగారం లేదు, అత్తగారి మాట లేదు. ఉన్నదల్లా హార్మోన్ల ఎగుడుదిగుడే. పాత చరిత్ర ఉన్న ఎనిమిది మందిలో ఐదుగురి మనసు మళ్లీ కుంగింది. మిగతా ఎనిమిది మందిలో ఒక్కరికీ ఏమీ కాలేదు.

ఇందులో హార్మోన్లనేవాళ్లూ, పరిస్థితులనేవాళ్లూ ఒప్పుకోవాల్సింది ఉంది. హార్మోన్ల మార్పే కొందరిని కుంగదీయగలదని ఈ ప్రయోగం, చిన్నదే అయినా, చూపింది కాబట్టి, అంతా పరిస్థితుల వల్లేనని కొట్టిపారేయడం కుదరదు. అలాగని హార్మోన్ తక్కువ కావడమే జబ్బని అనడమూ కుదరదు. రెండు గుంపులకూ ఇచ్చిన మోతాదు ఒకటే, ఆపిన తీరు ఒకటే. తేడా పరిమాణంలో లేదు, ఆ మార్పును తట్టుకునే మెదడు తీరులో ఉంది. అదే సంస్థకు చెందిన ష్మిట్ బృందం 1998లో నెలసరి ముందు తీవ్రంగా మనసు చెడిపోయే స్త్రీలలోనూ ఇదే చూసింది. సహజమైన స్థాయిలో హార్మోన్లు ఇస్తే వాళ్ల మూడ్ పాడైంది, మిగతా స్త్రీలకు ఏమీ కాలేదు. కొలతల్లో అందరూ నార్మలే. ఎంత ఉంది అన్న ప్రశ్నకు బదులు ఎలా స్పందిస్తోంది అన్న ప్రశ్న వేసి ఉంటే, సెరటోనిన్ మీద ఇన్నేళ్ల పోట్లాటలో సగం మిగిలేది కాదని నా అభిప్రాయం. ట్రిప్టోఫాన్ ప్రయోగాల్లోనూ కనబడింది స్పందనలోని ఈ తేడానే.

ఈ దారి మందుల దాకా వెళ్లింది. ప్రొజెస్టరాన్ నుంచి ఒంట్లో తయారయ్యే అల్లోప్రెగ్ననొలోన్ మెదడును శాంతపరిచే గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది. కాన్పుతో అదీ పడిపోతుంది. దాన్నే మందుగా చేసిన బ్రెక్సనొలోన్‌కు 2019 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది. 60 గంటలపాటు ఆగకుండా సెలైన్‌లా ఎక్కించాల్సి వచ్చేది, ధర దాదాపు 34 వేల డాలర్లు ఉండేది. 2023 ఆగస్టులో పద్నాలుగు రోజులు మింగే జురనొలోన్ మాత్ర వచ్చింది. దాన్ని మామూలు డిప్రెషన్‌కు కూడా అనుమతించమని అడిగితే అక్కడి ఎఫ్‌డీఏ ఒప్పుకోలేదు, బాలింతలకు మాత్రమే సరేనంది. ఒక హార్మోన్ కథ ఒక సందర్భంలో నిజమైనంత మాత్రాన అన్ని దిగుళ్లకూ వర్తించదని చెప్పడానికి ఇంతకంటే అధికారిక రుజువు దొరకదు. బ్రెక్సనొలోన్ ట్రయల్స్‌లో ప్లాసిబో ఎక్కించుకున్న తల్లులు కూడా బాగానే తేరుకున్నారన్నదీ మర్చిపోకూడదు. రెండున్నర రోజులు ఒకరు పక్కనుండి చూసుకోవడం కూడా ఎంతోకొంత వైద్యమే మరి.

ఇప్పుడు గోవాకు వద్దాం. విక్రమ్ పటేల్, మెర్లిన్ రోడ్రిగ్స్, నందితా డిసౌజా అక్కడి జిల్లా ఆస్పత్రికి వచ్చిన తల్లులను గమనించి 2002లో ఫలితాలు ప్రకటించారు. కాన్పైన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మందిలో డిప్రెషన్ కనిపించింది. పేదరికం, భర్తతో పొసగకపోవడం, భర్త చేయిచేసుకోవడం ఉన్నచోట ముప్పు ఎక్కువ. పుట్టింది ఆడపిల్ల అయితే ఈ ముప్పు ఇంకా పెరిగింది. కాన్పు తర్వాత పడిపోయే ప్రొజెస్టరాన్‌కు పుట్టింది ఎవరో తెలియదు, ఇంట్లోవాళ్లకు తెలుసు. హార్మోన్ల పక్షం దగ్గర దీనికి సూటి సమాధానం లేదు. ఇక తండ్రుల సంగతి. 2010లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం బిడ్డ పుట్టడానికి ముందూ వెనకా కాలంలో తండ్రుల్లోనూ దాదాపు 10 శాతం మందికి డిప్రెషన్. కాన్పు వాళ్లకు కాలేదు కదా అంటే, హార్మోన్ల పక్షం ఊరుకోదు. ఫిలిప్పీన్స్‌లో కొత్తగా తండ్రులైనవాళ్లకు టెస్టోస్టెరాన్ తగ్గుతుందని 2011లోనే చూపించామంటుంది. ఏ వాదననైనా ఏదో ఒక హార్మోన్‌తో ఆదుకోవచ్చు, అందులోనే దాని బలహీనతా ఉంది.

కార్టిసాల్ కథ క్లుప్తంగా చెబితే చాలు. ఒత్తిడిలో పెరిగే ఈ హార్మోన్ తీవ్రమైన డిప్రెషన్ ఉన్న కొందరిలో అదుపు తప్పుతుంది. దాన్ని పట్టుకుని 1981లో బెర్నార్డ్ కారల్ డెక్సామెథసోన్ పరీక్షను డిప్రెషన్‌కు ల్యాబ్ పరీక్షగా ముందుకు తెచ్చాడు. సగం మంది రోగులను కూడా అది పట్టుకోలేకపోయింది, బరువు తగ్గినవాళ్లలో, తాగుడు మానేస్తున్నవాళ్లలో కూడా పాజిటివ్ వచ్చింది. కొన్నేళ్లకు మూలపడింది.

థైరాయిడ్‌ది మాత్రం గౌరవనీయమైన స్థానం. అది బాగా తగ్గితే మనిషి మందగించడమే కాదు, మతి తప్పడం కూడా జరుగుతుందని 1949లో రిచర్డ్ ఆషర్ పద్నాలుగు మంది రోగుల కథలతో రాశాడు. వాళ్లలో చాలామంది థైరాయిడ్ మందుతో మళ్లీ మామూలు మనుషులయ్యారు. దిగులుతో వచ్చిన ప్రతివాళ్లకూ ఆ పరీక్ష చేయడం అందుకే సబబు. కానీ టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువున్న ప్రతివాళ్ల నీరసాన్నీ దానికే అంటగట్టడం సబబు కాదు. 65 ఏళ్లు దాటిన 737 మంది మీద 2017లో వచ్చిన యూరప్ ట్రయల్‌లో, అలాంటి స్వల్ప తేడాకు మందు ఇచ్చినా నీరసం తగ్గలేదు.

కథ తప్పయినా మేలు చేస్తే చాలదా, సిగ్గు పోగొడితే చాలదా అని అడిగేవాళ్లున్నారు. నాకూ ఆ మాట మీద మొగ్గు ఉండేది. పరిశోధనలు అటు మొగ్గలేదు. 2012లో షోమెరస్ బృందం అనేక దేశాల సర్వేలు కలిపి చూస్తే, మానసిక జబ్బులు మెదడు జబ్బులని నమ్మేవాళ్లు పెరిగారు, రోగులను పొరుగువాళ్లుగా, తోటి ఉద్యోగులుగా ఒప్పుకోవడం మాత్రం పెరగలేదు. 2014లో అమెరికాలో, గతంలో డిప్రెషన్ వచ్చిన విద్యార్థులకు ఒక ఉత్తుత్తి పరీక్ష చేసి "మీది రసాయనాల లోపమే" అని చెబితే వాళ్ల ఆత్మనింద తగ్గలేదు. ఇక బాగుపడమేమోనన్న నిరాశ మాత్రం పెరిగింది. మెదడే చెడిందంటే మనం చేయగలిగింది ఏముందన్న ఆలోచన అది.

మొదట్లో చెప్పిన షుగర్ పోలిక, విచిత్రంగా, దాన్ని చెప్పినవాళ్లు అనుకున్నదానికంటే నిజం. వాళ్ల మనసులో ఉన్నది ఇన్సులిన్ తయారే కాని టైప్ 1. మన చుట్టూ ఎక్కువగా ఉన్నది టైప్ 2. అందులో మొదట్లో ఇన్సులిన్ సరిపడానే, ఒక్కోసారి ఎక్కువగానే ఉంటుంది, ఒళ్లు దాని మాట వినదు. నడక, తిండి, బరువు, వంశం, మందు అన్నీ దాని మీద పనిచేస్తాయి. డాక్టర్ ఆ పోలిక మానేయాల్సిన పనిలేదు, దాన్ని సరిగ్గా చెబితే చాలు. "మీ మెదడు ఒత్తిడికి, మార్పుకి స్పందించే తీరు ఇప్పుడు గాడి తప్పింది. ఈ మాత్ర కొందరికి దాన్ని గాడిలో పెడుతుంది. మాట్లాడి చేసే చికిత్సా పెడుతుంది." గోవాలోనే 2017లో, మానసిక వైద్యంలో డిగ్రీ లేని మామూలు కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు కలిసి మాట్లాడితే, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లలో 64 శాతం మంది తేరుకున్నారు. పోల్చిచూసిన గుంపులో 39 శాతం. వాళ్లెవరూ ఎవరి సెరటోనిన్‌నూ కొలవలేదు. ఒక హెచ్చరిక మాత్రం ఇక్కడే చెప్పాలి: ఈ వాదనలు చదివి మాత్రలు చటుక్కున మానేస్తే తలతిప్పు, నిద్రలేమి, చిరాకు రావచ్చు. మానాలనుకుంటే డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకోవాలి.

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, డిప్రెషన్ ఉన్న నూరుమందిలో ఎనభై ఐదుగురికి చికిత్సే అందడం లేదని నిమ్హాన్స్ తేల్చింది. గర్భిణులు మాత్రం ఏఎన్ఎం దగ్గరికో ఆస్పత్రికో పలుమార్లు వస్తారు. హిమోగ్లోబిన్, బీపీ, థైరాయిడ్ చూస్తారు. బ్లాక్ ప్రయోగంలో తేడా చూపింది ఏ రక్తపరీక్షా కాదు, గత కాన్పు చరిత్ర. కాబట్టి ఆ గదిలో మూడు మాటలు అడగొచ్చు. పోయిన కాన్పు తర్వాత మనసెలా ఉండేది? మీ అమ్మకో అక్కకో అలా ఎప్పుడైనా అయిందా? ఈసారి ఆడపిల్ల పుడితే ఇంట్లో ఎవరేమంటారు? మొదటి రెండూ హార్మోన్ల పక్షానికి, మూడోది పరిస్థితుల పక్షానికి పనికొస్తాయి. మూడూ కలిపి అడగడానికి బీపీ చూసేంత సేపు పట్టదు, భర్తనీ అత్తగారినీ ఆ కాసేపు బయట కూర్చోబెట్టగలిగితే.